గెడ కింది దారి

గంగని మనం పాడేరు బస్టాండు పక్క టీ కొట్లో వదిలేశాం. కొండపాటలు పాడుకుంటూ ఇప్పగరువు నుంచి బయల్దేరి, విశాఖపట్నం రోనాల్డు కట్టిన బృందంతో పరాయి దేశాల స్టేజీలెక్కిన గంగ, రెండేళ్ల తర్వాత విమానం దిగి, రైలు దిగి, బస్సు దిగి, ఇల్లు మాత్రం చేరకుండా ఆ బల్ల మీద చిక్కుబడి కూర్చుంది. ఆమెను ఆపింది డాలీ. బృందం వీసాలూ టిక్కెట్లూ పన్నులూ చూసుకునే పిల్ల. పాడేరు మిషన్ స్కూల్లో చదువుకుంది. ఎంత గడ్డు కాగితాన్నయినా నవ్వుతూ చదివే మనిషి, ఆ రోజు మాత్రం నవ్వలేదు.

చిక్కేమిటో మరొక్కసారి చెప్పుకుందాం. బృందం ఏ దేశంలో పాడితే ఆ దేశం తన పన్ను తను కోసుకుని మిగతాది చేతిలో పెడుతుంది. అది మామూలే, దానికి ఎవరూ ఏడవరు. కానీ కిందటేడు వేసవి ప్రదర్శనలు అయ్యాక గంగ మిగతావాళ్లతో వెనక్కి రాలేదు. జర్మనీలో ఒక సంగీత పాఠశాల వాళ్లు తమ పిల్లలకి గొంతు విప్పడం నేర్పమంటే చలికాలమంతా అక్కడే ఉండిపోయింది. అలా సగం ఏడాది దాటిపోయింది. దాంతో అక్కడి పన్నులవాళ్లు లెక్క తీశారు. ఇన్నాళ్లు మా దగ్గర ఉన్నావు కనక నువ్వు మా మనిషివే, నువ్వు ఏ దేశంలో పాడి సంపాదించినా మాకు చెప్పాల్సిందే అన్నారు. కాదు, నా ఇల్లు ఇండియాలో ఉంది అంటావా, అయితే రుజువు చూపించు అన్నారు.

"రెండు దేశాలూ ఒకే మనిసిని మాదంటే మాదంటే ఏటి సేత్తారు?" అని అడిగింది గంగ.

"ముందు శాశ్వతమైన ఇల్లు ఎక్కడుందో చూస్తారక్కా," అంది డాలీ. "దాంతో తేలకపోతే నీ మనుషులెక్కడున్నారు, నీ బతుకు ఎక్కడ ముడిపడి ఉంది అని చూస్తారు."

"మా దిసారి అడిగినట్టే ఉన్నాది," అని గంగ నవ్వబోయింది. దిసారంటే ఊళ్లో ముహూర్తాలు పెట్టేవాడు, దేవుడి తరఫున మాట్లాడేవాడు.

డాలీ తేల్చి చెప్పింది. ఇప్పగరువులో ఈవిడకి ఇల్లుంది, ఆ ఇంట్లో పొయ్యి ఈవిడదే అని ఊరి పెద్ద నాయుడు ఒక్క మాట చెబితే మండలాఫీసు వాళ్లు రాసిస్తారు. అది ఉంటే తక్కినదంతా తను చూసుకుంటుంది. అది లేకపోతే అక్కడి పన్నులవాళ్లు ఆపేసిన డబ్బు ఆగినట్టే. వచ్చే నెల ప్రయాణానికి వీసా ఇచ్చేవాళ్లు కూడా అదే ప్రశ్న వేస్తున్నారు, తిరిగి వెళ్లడానికి నీకో ఇల్లుందా అని.

"ఓస్, ఇంతేనేటి," అంది గంగ. "మా నాయుడు మావే కదా. ఎల్లి అడిగేత్తాను."

ఆ ధీమాతోనే అద్దెకి తిప్పే ధనరాజు జీపెక్కింది. అక్కడి నుంచి ఇదిగో, కథ.

* * *

గూడెం కొత్తవీధి రోడ్డు వదిలి జీపు మట్టిదారి ఎక్కగానే గంగ కిటికీ వైపు జరిగి కూర్చుంది. కాఫీ తోటల మీద మిరియం తీగలు అల్లుకుని ఉన్నాయి. ఎండకి వేడెక్కిన ఆకుల వాసన వస్తోంది. తనకి ఏడుపొస్తుందేమో అనుకుంది. రాలేదు. రావాల్సిన చోట ఏడుపు రాకపోతే మనిషికి తన మీద తనకే అనుమానం కలుగుతుంది. గంగకీ కలిగింది.

మొదట్లో ఇలా ఉండేది కాదు. మొదటి ఏడు ఏ సరిహద్దు దగ్గర వ్యాను ఆపినా, ఎక్కడి నుంచి వస్తున్నారని ఏ దొర అడిగినా, డాలీ నోరు విప్పేలోగా గంగ "ఇప్పగరువు" అనేసేది. పక్కన బృందం వాయిద్యగాడు మంగరాజు తన ఊదే మోరీ పట్టుకుని కూర్చుని కిసుక్కున నవ్వేవాడు. ఒకసారి సరిహద్దువాళ్లు డోలులాంటి తుడుము కిందకి దింపించి, దానికి కట్టింది ఏ జంతువు తోలు, దీన్ని ఇక్కడ అమ్మరు కదా, మళ్లీ వెంట తీసుకుపోతారు కదా అని నిలదీశారు. అది వాయిద్యమేనని నమ్మించడానికి మంగరాజు చలిలో రోడ్డు మీద నిలబడి వాయించాల్సి వచ్చింది. గంగ గొంతెత్తింది. సరిహద్దు దొరలు చేతులు కట్టుకుని విన్నారు. ఆ రాత్రంతా వ్యానులో అదే చెప్పుకుని నవ్వుకున్నారు.

తర్వాత వాళ్లంతా విమానమెక్కి వెళ్లిపోయారు. గంగ మిగిలింది.

ఆ చలికాలం గురించి ఆమె ఎవరికీ చెప్పలేదు. పాఠశాల వాళ్లు మంచివాళ్లే. గది ఇచ్చారు, మందపాటి కోటు ఇచ్చారు. గదిలో పొయ్యి ఉంది. మీట తిప్పితే గాజుపలక ఎర్రబడేది. మంట లేదు, పొగ లేదు, పొద్దున్న ఎత్తిపొయ్యడానికి బూడిద లేదు. వండుకున్న అన్నం తింటుంటే ఎవరో పెట్టింది తిన్నట్టుండేది. ఇంటి నుంచి తెచ్చుకున్న దుప్పట్లో కొన్నాళ్లు పొగవాసన నిలిచింది. రాత్రుళ్లు దాన్ని ముఖమ్మీదకి లాక్కుని పడుకునేది. ఒకనాడు లాక్కుంటే వాసన రాలేదు. ఆ రోజు గంగ బెంగతో వెక్కి వెక్కి ఏడ్చింది. పక్కగది మనిషి తలుపు తట్టి ఏదో అడిగింది. ఏమీ లేదని చెప్పడానికి కూడా ఆ భాషలో గంగకి మాటలు చాలలేదు. ఆ తర్వాత నుంచి ఎవరైనా ఎక్కడి నుంచి వచ్చావని అడిగితే "ఇండియా" అనడం అలవాటయింది. ఇప్పగరువు అంటే మళ్లీ మొదటి నుంచి చెప్పుకు రావాలి.

"గెడ కట్టేసినారు," అన్నాడు ధనరాజు, జీపు వేగం తగ్గిస్తూ. "సిల్లర ఉన్నాదా అమ్మా?"

గంగ తలెత్తి చూసింది. హమ్మయ్య, ఉంది, ఇంకా ఉంది అనుకుంది.

చైత్రమాసం, ఇటుకల పండుగ రోజులు. మగవాళ్లందరూ వేటకని అడవిలోకి పోతారు. ఏమీ కొట్టకుండా ఉత్త చేతులతో తిరిగొచ్చినవాడికి పేడనీళ్ల స్నానం తప్పదు కనక తొందరపడి ఎవరూ తిరిగిరారు. అంతవరకూ ఊరు ఆడవాళ్లది. దారికి అడ్డంగా వెదురు గెడ కట్టి, వచ్చేపోయే బళ్లనాపి, పాటపాడి, పైసలు పుచ్చుకుని గానీ కదలనివ్వరు. ఇప్పగరువు గెడకి మరో పద్ధతి కూడా ఉంది. పై ఊరివాళ్లు పైసలిస్తే గెడ పైకి లేస్తుంది. సొంత ఊరి మనిషి కోసం గెడ లేవదు. ఆ మనిషి వంగి కింది నుంచి దూరి వెళ్లిపోతుంది, అంతే. నడక వచ్చిన నాటి నుంచీ గంగ దూరుతూనే ఉంది.

జీపు ఆగింది. మామిడాకులు కట్టిన గెడ పక్కన అడ్డాకుల విస్తరిలో చిల్లర మెరుస్తోంది. చాప మీద నాయుడి భార్య సోములమ్మ కాళ్లు చాపుకు కూర్చుంది. పడుచు పిల్ల రాజకుమారి ముందు నిలబడి పాట ఎత్తుతోంది. గెడ కొస పట్టుకుని, ముక్కుకి మూడు పోగులతో, యర్రమ్మ.

యర్రమ్మంటే గంగకి జోడు. నాలుగేళ్లు పెద్దది కనక అక్క వరసలో అప్పా అనేది. చిన్నప్పటి నుంచీ ఆమె పాట ఎత్తితే ఈమె అందుకునేది, ఈమె ఎత్తితే ఆమె. ఇద్దరి గొంతుల్లో ఎవరిది ఏదో ఊళ్లోవాళ్లు కూడా పోల్చుకోలేకపోయేవారు. అలాంటిది, యర్రమ్మ ఉండగా రాజకుమారి ఎత్తడమేమిటి? ఆ ప్రశ్న గంగ మనసులోకి వచ్చింది గానీ సంతోషంలో నిలబడలేదు.

జీపు దిగింది. సంచీ భుజాన వేసుకుని, నవ్వు ముఖంతో గెడ దగ్గరికి నడిచి, నడుము వంచింది.

గెడ కిందకి దిగింది. ఆమె భుజానికి తగిలి ఆగింది.

"ఎవులమ్మా నువ్వు? ఎక్కడికెల్తన్నావు?" అంది యర్రమ్మ.

ఆడవాళ్లంతా గొల్లుమన్నారు. గంగ కూడా నవ్వింది. "నానే అప్పా, గంగని. కళ్లు కనపడ్డం నేదేటి?"

"కళ్లు బాగానే ఉన్నాయి. మనిసికి పది రూపాయలు. ఇచ్చి ఎల్లు."

ఒకరి తర్వాత ఒకరుగా నవ్వులు ఆగిపోయాయి. గంగ వంగిన నడుము నెమ్మదిగా నిటారు చేసుకుంది. వెనక ధనరాజు జేబులో చెయ్యి పెట్టి, "పదే కదమ్మా, నానిచ్చేత్తాను, బేగి ఎల్లిపోదాం," అన్నాడు. పాపం మంచివాడు, ఏం చేయబోయాడో అతనికి తెలియదు.

"వొద్దు," అంది గంగ. ఆ పది రూపాయలు విస్తట్లో పడితే గెడ లేస్తుంది. గెడ లేస్తే తను పై ఊరి మనిషి. అందరూ చూస్తారు. పై ఊరి మనిషి గురించి నాయుడు ఏ ముఖంతో మా మనిషే అని చెబుతాడు? ఆ దేశాల్లో ఎన్ని సరిహద్దులు దాటింది! అన్ని చోట్లా డాలీ ఉండేది, ఏదో ఒక కాగితం ఉండేది. ఇక్కడ ఎవరూ లేరు.

సోములమ్మ చాప మీద నుంచే చెయ్యి ఊపింది. "తగువెందుకర్రా. పాట ఎత్తండి. ఊరి మనిసైతే అందుకుంటాది."

రాజకుమారి ఎత్తింది.

కొండ దిగి వచ్చినావా, కోన దాటి వచ్చినావా,
దారికి గెడ వేసినాము, ఎవులింటి దానివే.

గంగకి ప్రాణం లేచొచ్చింది. ఈ పాట ఆమె ఎన్ని ఊళ్లలో, ఎన్ని దీపాల కింద పాడిందని! కళ్లు మూసుకుని అందుకుంది.

కొండా నాదే, కోనా నాదే,

అని, ఆగింది.

అక్కడ ఆగాలి. స్టేజీ మీద అక్కడ రోనాల్డు కీబోర్డు వస్తుంది. అతను తీరిగ్గా ఒక చుట్టు వాయించి తల ఊపాక, అప్పుడు రెండో చరణం. రెండేళ్లుగా ఒళ్లు అలా అలవాటు పడిపోయింది. గంగ ఆగాలనుకోలేదు. గొంతే ఆగింది. కళ్లు తెరిచేసరికి ఆడవాళ్లు పాటలో ఆమెను దాటి వెళ్లిపోయారు. పొయ్యీ నాదే అన్న మాట వాళ్లే అనేసి, పాట ముగించి, ఆమె వైపు చూస్తున్నారు.

నోరు తెరిచి ఉంది, అందులో పాట లేదు. అంతమంది మధ్య గంగకి ఆ పాఠశాల గది గుర్తొచ్చింది. మీట తిప్పితే ఎర్రబడే ఆ గాజుపలక గుర్తొచ్చింది. అంత ఒంటరిగా అక్కడ కూడా లేదు. అక్కడైతే ఒకనాటికి ఇక్కడికొస్తానన్న ఆశ ఉండేది.

"నువ్వంపిన కేసెట్టు ఇన్నాను," అంది యర్రమ్మ. గొంతులో కోపం లేదు, అదే ఇంకా బాధగా ఉంది. "అందులోనా ఇంతే. మద్దిలో ఆగిపోతావు. ఎవులి కోసమో."

"అక్కడ వాయిద్యం వస్తాది అప్పా."

"ఇక్కడ రాదు."

గంగ సోములమ్మ దగ్గరికి వెళ్లి, గెడకి ఇవతలే కూలబడింది. వచ్చిన పని చెప్పేసింది. తనకి నాయుడు మావ మాట కావాలనీ, తన ఇల్లూ పొయ్యీ ఇక్కడేనని మండలాఫీసులో చెబితే చాలనీ, లేకపోతే ఆ దేశంవాళ్లు తనని వాళ్ల మనిషిగా లెక్క కట్టేస్తున్నారనీ చెప్పింది.

సోములమ్మకి ఇది వినోదంగా తోచింది. "అయితే మంచిదే కదే. వాళ్ల మనిసివంటే తిండెట్టి ఉంచుకుంటారు."

"ఉంచుకోరు పెద్దమ్మా. లెక్కకి మట్టుకే మా మనిసివంటారు. సరే, ఉంటానంటే వీసా అయిపోయింది, ఎల్లిపో అంటారు."

"ఇదేటి సోద్యమే," అని సోములమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. తర్వాత ఆమె ముఖంలో వినోదం పోయింది. "మన పద్ధతి నీకు తెలవనిదేటి గంగా. దేవుడి గుడిసెలో ఇత్తనం పెట్టిన పొయ్యి ఊరిది. పెట్టనిది కాదు."

తెలియకేం. ఇటుకల పండుగ మొదలైన రోజున ప్రతి ఇంటి నుంచీ ఆకుదొన్నెలో విత్తనాలు గుడిసెకి వెళతాయి. దిసారి అన్నీ కలిపి, పూజ చేసి, ఇంటికో గుప్పెడు తిరిగి ఇస్తాడు. ఆ గుప్పెడు కలిపే విత్తుతారు. గుప్పెడు పుచ్చుకున్న ఇల్లు ఆ ఏటికి ఊరి లెక్కలో ఉన్నట్టు. ఎవరూ లేని ఇంటికి గుప్పెడు ఎవరిస్తారు? తన ఇల్లు రెండేళ్లుగా తాళంతో ఉంది. విమానంలో వస్తూ గంగ ఈ సంగతి తలుచుకోకుండా ఉండలేదు. తలుచుకుని, మనవాళ్లే కదా అని పక్కన పెట్టేసింది.

"అయితే రెండేళ్లూ నా పొయ్యి లెక్కలో నేనట్టేనా?" అంది.

"నిరుడు ఉన్నాది," అంది సోములమ్మ. "నిరుడు నీ పేర ఇత్తనం పడింది."

"ఎవులెట్టినారు?"

అందరూ గెడ కొస వైపు చూశారు. యర్రమ్మ మామిడాకులు సర్దుతోంది.

ఊళ్లో లేని మనిషి పేర విత్తనం పెట్టాలంటే ఒట్టు వెయ్యాలి. వచ్చే ఇటుకల పండుగ మొదలయ్యే రాత్రికి ఆ మనిషి తన కప్పు కింద ఉంటుందని దేవుడి ముందు చెప్పాలి. తప్పితే ఆ ఒట్టు వేసినవాళ్ల మీద పడుతుంది. యర్రమ్మ ఒట్టేసింది. ఏడాదంతా ఎవరడిగినా, దారిలో ఉంది, వచ్చేస్తోంది అని చెప్పింది. ఈ ఏటి పండుగ మొదలైంది. గంగ రాలేదు.

"అందుకే దానికి పాట నేదు," అంది సోములమ్మ. "ఈ ఏడంతా గుడిసె కాడా నేదు, గెడ కాడా నేదు, పెళ్లికీ నేదు. పాటకి నోరిప్పితే తప్పు."

గంగకి ఇప్పుడర్థమైంది, పాట రాజకుమారి ఎందుకు ఎత్తుతోందో. జీపు ఆగినప్పటి నుంచీ యర్రమ్మ పాటలో పెదవి కలపకపోవడమూ అర్థమైంది. అంతకన్నా ఘోరమైనది ఇంకొకటి లోపల తిరుగుతోంది. అది ఈ ఆడవాళ్లలో ఎవరికీ తెలియదు. గంగ విమానం దిగింది పండుగకి ముందే. దిగినదాన్ని దిగినట్టు వచ్చేసి ఉంటే యర్రమ్మ ఒట్టు నిలిచేది. కొత్త పాటలు సాధన చేసుకుందాం, మళ్లీ అందరం కలవడం కష్టం అని రోనాల్డు అంటే విశాఖపట్నంలో ఆగిపోయింది. సముద్రం కనిపించే గదిలో హాయిగా పాడుకుంటూ కూర్చుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇక్కడ యర్రమ్మ పాట పోయింది.

"అప్పా," అంది.

యర్రమ్మ గెడ వదిలి వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చుంది. దగ్గర్నుంచి చూస్తే రెండేళ్లలో బాగా వడిలిపోయింది. "ఇంకా అయిపోనేదు," అంది, గొంతు తగ్గించి. "మగోళ్లు వేట నుంచి వచ్చీలోగా మల్లీ ఇత్తనం పెట్టొచ్చు. నిరుడు పెట్టినోళ్లే పెట్టాలి. నానెడతాను. పెడితే నాయుడు మాటిస్తాడు, నీ పని అయిపోతాది. అవునా పెద్దమ్మా?"

"అవును గానీ, ఒట్టుంటాది మరి," అంది సోములమ్మ. "ఈపాలి తప్పితే పాట ఏడాదికి కాదు పోయేది. మరింక నేనట్టే."

"తెలుసు." యర్రమ్మ గంగ కళ్లల్లోకి చూసింది. "ఒక్క మాట సెప్పు. తిరిగెల్లడానికి టిక్కెట్టు ఉన్నాదా?"

సంచీ గంగ ఒళ్లోనే ఉంది. టిక్కెట్టు సంచీలోనే ఉంది. వచ్చే నెల ప్రయాణం. వేసవంతా పాటలు, ఆపైన మళ్లీ ఆ పాఠశాల వాళ్లు రమ్మంటున్నారు. రానని ఇంకా చెప్పలేదు. వస్తానని దాదాపు చెప్పేసింది. వచ్చే ఇటుకల పండుగకి ఇక్కడ ఉంటుందో లేదో తనకే తెలియదు.

"నేదని సెప్పు," అంది యర్రమ్మ, ఇంకా నెమ్మదిగా, ఆమెకొక్కదానికే వినపడేలా. "అంతే సాలు. ఒట్టేసేత్తాను."

గంగ ఎంతమందితో అబద్ధమాడలేదు! అలిసిపోయావా అంటే లేదంది. చలేస్తోందా అంటే లేదంది. ఇల్లు గుర్తొస్తోందా అని పాఠశాలలో పిల్లలడిగితే, లేదు లేదు, ఇదీ ఇల్లే అని నవ్వింది. ఈ ఒక్క లేదు కూడా అనేస్తే చేతిలో రుజువుంటుంది, డాలీ ముఖంలో నవ్వొస్తుంది, వీసా వస్తుంది. ఏ దేశంవాడు అడిగినా నాకో ఊరుంది, నాకో పొయ్యి ఉంది అని చెప్పుకోవచ్చు. ఆ ఊళ్లో మాత్రం ఒక మనిషి గొంతు శాశ్వతంగా మూగబోతుంది. ఆ గొంతు లేని ఊరు తనదైతే ఎంత, కాకపోతే ఎంత?

"ఉన్నాది అప్పా," అంది.

యర్రమ్మ కళ్లు వాల్చుకుంది. గంగ లేచి, కొంగు ముడి విప్పి, పది రూపాయల నోటు తీసి, వంగి విస్తట్లో పెట్టింది. రాజకుమారి ఏం చేయాలో తోచక సోములమ్మ వైపు చూసింది. సోములమ్మ తల తిప్పుకుంది. చివరికి యర్రమ్మే లేచి వెళ్లి గెడ కొస పట్టుకుని పైకెత్తింది.

గంగ నిటారుగా నడిచి తన ఊళ్లోకి వెళ్లింది. మామిడాకులు తలకి తగలనైనా లేదు. అంత ఎత్తుకి ఎత్తింది యర్రమ్మ.

పది అడుగులు వేసిందో లేదో, వెనక నుంచి పిలుపు వినపడింది. "గంగా. ఆ ఇంటికి ఎల్లకు. మా ఇంటికి రా. అన్నం ఉన్నాది."

"ఇల్లొకపాలి సూసుకుని వచ్చేత్తాను అప్పా."

"ముందు అన్నం తిను. రేపు సూద్దువు గాని."

ఆ గొంతులో భయం ఉంది. గంగ గమనించింది, అయినా ఆగలేదు. ఊరి లెక్కలో ఉన్నా లేకపోయినా కప్పు కప్పే కదా, దాని కింద కాసేపు ఒంటరిగా కూర్చుని ఏడవాలని ఉంది. ఇప్పుడు ఏడుపు బాగానే వస్తోంది.

వీధి ఖాళీగా ఉంది. మగవాళ్లు అడవిలో, ఆడవాళ్లు గెడ దగ్గర. రాగి గంజి కాసిన కుండలు అరుగుల మీద బోర్లించి ఉన్నాయి. వీధి చివర పనసచెట్టు, దాని కింద తన ఇల్లు. తాళం చెవి యర్రమ్మకే ఇచ్చి వెళ్లిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. వెనక్కి వెళ్లి అడగాలా అనుకుంటూ తలెత్తిన గంగ అక్కడే నిలబడిపోయింది.

కప్పు మీద నుంచి పొగ లేస్తోంది.

తన ఇంటి కప్పు మీద నుంచి. పచ్చి కట్టె పొగ, తెల్లగా, నిదానంగా. జర్మనీ గదిలో దుప్పట్లో వెతుక్కున్న వాసన గాలిలో ఎదురొచ్చి ముఖానికి తగిలింది. తలుపుకి తాళం లేదు. ఆ ఇంటికి వెళ్లకన్న యర్రమ్మ గొంతులో భయం ఎందుకో అప్పుడు తెలిసింది. అరుగు ఎర్రమట్టితో అలికి ఉంది. లోపల ఎవరో కూనిరాగం తీస్తున్నారు, సన్నని ఆడగొంతు. గంగకి ఆ గొంతు తెలియదు, పాట తెలుసు.

కొండా నాదే, కోనా నాదే,

అని, లోపలి గొంతు ఆగింది. సరిగ్గా తను ఆగే చోటే. ఆ ఖాళీలో ఊరుకోలేదు. నోటితో, తీరిగ్గా, కేసెట్టులో ఉన్నట్టే, రోనాల్డు కీబోర్డు వాయించే చుట్టంతా ఒక్క స్వరం పొల్లు పోకుండా పలికింది. పలికి, అప్పుడు రెండో చరణం అందుకుంది. పొయ్యీ నాదే.

తన ఇంటి తలుపు తనే తట్టాల్సిన రోజొస్తుందని గంగ ఏనాడూ అనుకోలేదు. చెయ్యెత్తి తట్టింది.

పాట ఆగిపోయింది. పొయ్యిలో కట్టె సర్దిన చప్పుడైంది.

"ఎవులది?" అని అడిగింది లోపలి మనిషి.